ఆ గ్రూపు పేరులో మీ బడి పేరు ఉంది

అనంతపురం నగరంలోను, చుట్టుపక్కల మండలాల్లోను ఉన్న ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, ప్రైవేటు బడుల కరస్పాండెంట్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం.

మీ బడిలో చదివే అమ్మాయి గురించి ఆమె తరగతి పిల్లలే ఫోనులో నీచంగా రాశారని ఒక తల్లి మీ దగ్గరికి వస్తుంది. మీలో చాలామంది ఇచ్చే జవాబు దాదాపు ఒకటే. "అమ్మా, అది రాత్రిపూట, మీ ఇళ్ళల్లో, మీరు కొనిచ్చిన ఫోన్లలో జరిగింది. బడి గేటు దాటాక జరిగినదానికి మేమేం చేయగలం? ముందు మీ అమ్మాయి చేతిలోంచి ఆ ఫోను తీసేయండి." ఆ తల్లి ఇంకేమీ అనలేక వెనక్కి వచ్చేస్తుంది. వేర్వేరు బడుల నుంచి అలా వెనక్కి వచ్చిన తల్లులతో నేను మాట్లాడాను. ఆ జవాబు తప్పని, దానివల్ల పిల్లలు నలిగిపోతున్నారని మీ అందరికీ ఒకేసారి చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను నగరంలో సాయంత్రాలు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతాను. మున్సిపల్ హైస్కూలు పిల్లలు, జిల్లా పరిషత్ బడి పిల్లలు, పెద్ద ఫీజులు కట్టే ప్రైవేటు బడుల పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. కొందరు రుద్రంపేట నుంచి నడిచి వస్తారు, కొందరు బుక్కరాయసముద్రం, రాప్తాడు నుంచి బస్సెక్కి వస్తారు. వాళ్ళకు ప్రోగ్రెస్ రిపోర్టు ఇచ్చేది నేను కాదు, టీసీ రాసిచ్చేదీ నేను కాదు. అందుకేనేమో బడిలో నోరు విప్పని సంగతులు నా ముందు మాట్లాడుకుంటారు. ఏ పిల్ల, ఏ బడి అన్నది తెలిసే ఆనవాళ్ళన్నీ తీసేసి ఇక్కడ రాస్తున్నాను.

ఎలా మొదలవుతుందో చూడండి. ఆగస్టు 15న బడిలో నాట్యం చేసిన అమ్మాయి ఫొటోను బడివాళ్ళే తమ ఫేస్‌బుక్ పేజీలో పెడతారు. కళ్ళు సగం మూతపడి, నోరు తెరుచుకుని ఉన్న క్షణంలో తీసిన ఫొటో అది. తరగతిలో ఒక అబ్బాయి ఆ ముఖం వరకు కత్తిరించి వాట్సాప్ స్టిక్కర్ చేస్తాడు. ఇక తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో ఎవరేం మాట్లాడినా జవాబుగా ఆ స్టిక్కరే పడుతుంది. వారం తిరిగేసరికి అది పక్క సెక్షన్‌కు, ఆ తర్వాత ఆమె అన్న చదివే ఇంటర్ కాలేజీ గ్రూపుకు చేరుతుంది. "దయచేసి తీసేయండి" అని ఆ అమ్మాయి రాస్తే ఆ మాటనూ స్క్రీన్‌షాట్ తీసి నవ్వుతారు. ఎదురు మాట్లాడితే గ్రూపులోంచి తొలగిస్తారు. తన గురించి లోపల ఏం రాస్తున్నారో తెలియకపోవడం అప్పటి నుంచి మొదలవుతుంది. తెలిసిన తిట్టుకన్నా అది ఎక్కువగా నిద్ర చెడగొడుతుందని పిల్లలు చెబుతారు.

అబ్బాయిల మధ్య ఇది ఇంకో రూపంలో నడుస్తుంది. ఫోనులో ఫ్రీ ఫైర్ అనే ఆట ఆడేటప్పుడు హెడ్‌సెట్‌లో ఎదుటివాడి తల్లిని తిట్టడం, వాడు ఏడుపు గొంతుతో తిరిగి అన్న మాటను రికార్డు చేసి పంచడం. నీ హీరో గొప్పా నా హీరో గొప్పా అని మొదలై నాలుగో మాటకల్లా కులం పేరు వస్తుంది. సంక్షేమ హాస్టల్లో ఉండే పిల్లవాడి చెప్పులు, ఇంట్లో ఉర్దూనో కన్నడమో మాట్లాడే పిల్ల యాస, ఒంటి రంగు, నత్తి, ఇలా తరగతిలో ఒక్కసారి నవ్వి మరిచిపోయే ప్రతిదాన్నీ ఫోనులో రోజూ తిరగదోడతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో బడి పేరు పెట్టి "కన్ఫెషన్స్" అని ఒక పేజీ తెరుస్తారు. ఎవరు నడుపుతున్నారో తెలియదు. ఫలానా సెక్షన్‌లో ఫలానా అక్షరంతో పేరు మొదలయ్యే అమ్మాయి అని రాస్తారు. ఆ ఒక్క అక్షరం చాలు, బడి మొత్తానికి తెలిసిపోతుంది. పదమూడేళ్ళు నిండనివాళ్ళు తమ ఖాతా తెరవకూడదని ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ నిబంధనలే చెబుతాయి. ఏడో తరగతి పిల్లల చేతుల్లో రెండూ ఉన్నాయి.

ఇప్పుడు చెప్పండి, ఇదంతా మీ గేటు బయట జరిగిందా? ఆ గ్రూపు పేరులో తరగతి, సెక్షన్ ఉన్నాయి. ఆ పేజీ మీద మీ బడి పేరుంది, ఒక్కోసారి మీ బడి చిహ్నం కూడా ఉంటుంది. రాసినవాడిని, బాధపడ్డ పిల్లను, చూసి నవ్వినవాళ్ళను రోజూ ఉదయం ఒకే గదిలో కూర్చోబెడుతున్నది మీరు. తల్లిదండ్రులకు తమ బిడ్డ ఒక్కతే కనిపిస్తుంది. పోలీసులకు ఫిర్యాదు కాగితం కనిపిస్తుంది. ఆ యాప్‌లు నడిపే కంపెనీలకు అదీ కనిపించదు. అందరూ ఒకేచోట కళ్ళెదుట ఉన్న పెద్దలు ఈ ఊళ్ళో మీరు మాత్రమే. రాత్రి పదకొండింటికి రాసిన మాట తెల్లవారి మీ ప్రార్థన వరుసలో గుసగుసగా వినబడుతుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోరు. వారంలో రెండు రోజులు కడుపునొప్పి అని సెలవు చీటీ వస్తుంది. 2019లో యూనిసెఫ్ 30 దేశాల్లో యువతను అడిగినప్పుడు ప్రతి ముగ్గురిలో ఒకరు ఆన్‌లైన్ వేధింపుకు గురయ్యామని, ప్రతి ఐదుగురిలో ఒకరు దానివల్ల బడి మానేసిన రోజులున్నాయని చెప్పారు. మీ హాజరు పట్టీలో కారణం రాయకుండా మిగిలిపోయిన గైర్హాజర్లను ఒకసారి ఈ కంటితో చూడండి.

కష్టంగా ఉన్నా ఒక మాట చెప్పాలి. ఈ పనిలో కొంత పిల్లలు బడి దగ్గరే నేర్చుకున్నారు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక పాఠాలు వాట్సాప్‌లోకి వచ్చాయి. అప్పటికి అది తప్పనిసరి. బడులు మళ్ళీ తెరిచాక కూడా గ్రూపులు అలాగే ఉండిపోయాయి. హోంవర్కు, సెలవు ప్రకటన, యూనిఫాం సంగతి అన్నీ అందులోనే. గ్రూపులో ఉన్నది అమ్మ నంబరు, ఫోను మాత్రం బిడ్డ చేతిలో ఉంటుంది. తల్లిదండ్రులకే పంపామని మీరు అనుకునే ప్రతి మాటనూ పిల్లలు చదువుతారు. అందులో ఏం పెట్టారో ఒకసారి వెనక్కి జరిపి చూడండి. పరీక్ష తప్పినవాళ్ళ పేర్లు ఎర్ర రంగులో. ఫీజు బాకీ ఉన్నవాళ్ళ జాబితా. ఆలస్యంగా వచ్చి ఎండలో నిలబడినవాళ్ళ ఫొటో, జుట్టు కత్తిరించుకోని అబ్బాయిల ఫొటో. ఆ ఫొటోలే సాయంత్రానికి స్టిక్కర్లు అవుతున్నాయి. ఆ జాబితాల స్క్రీన్‌షాట్లు పట్టుకునే "మీ నాన్న ఇంకా ఫీజు కట్టలేదట కదా" అని ఒకరినొకరు పొడుచుకుంటున్నారు.

2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తరగతిలో నలభై మంది ముందు పేరు చదివి సిగ్గుపరచడం ఆ చట్టం కింద తప్పయితే, అన్ని కుటుంబాల ఫోన్లలోకి ఆ పేరు పంపడం దానికన్నా చిన్న తప్పు ఎలా అవుతుంది? దీనికి తోడు కొందరు ఉపాధ్యాయులు తరగతి గదిలో రీల్స్ తీస్తున్నారు. ఇంగ్లీషు మాట తప్పుగా పలికిన పిల్లవాడితో దాన్నే మళ్ళీ మళ్ళీ పలికించి, వెనక నవ్వుల సంగీతం కలిపి పెడతారు. తీసినవారికి అది ముద్దుగా ఉండి ఉండవచ్చు. ఆ పిల్లవాడికి మాత్రం ఆ తప్పు మాటే ఊళ్ళో పేరైపోతుంది, పెద్దయ్యాక కూడా వదలదు. ఈ జాబితాలు, ఈ ఫొటోలు, ఈ రీల్స్ రేపటి నుంచే ఆపేయవచ్చు. పైవాళ్ళ ఉత్తర్వు అక్కరలేదు, రూపాయి ఖర్చు లేదు. మార్కులు, ఫీజు సంగతి ఆయా తల్లిదండ్రులకు విడిగా పంపండి. పిల్లల ఫొటోలు బయట పెట్టేముందు ఇంటి అనుమతి, పిల్లల అనుమతి రెండూ అడగండి. పిల్ల వద్దంటే పెట్టకండి.

ఇక "ఫోను తీసేయండి" అన్న సలహా. మన ఉమ్మడి జిల్లా పరిస్థితి మీకు కొత్తగా చెప్పక్కరలేదు. వేరుశనగ చేతికి రాని ఏడాది కళ్యాణదుర్గం వైపు నుంచి, కదిరి వైపు నుంచి కుటుంబాలు బెంగళూరుకు పనికి వెళతాయి. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకుంటారు. ఆ ఇళ్ళల్లో ఫోను కొన్నది రాత్రి అమ్మానాన్నలతో మాట్లాడటానికి. అదే ఫోనులో తిట్లు వస్తుంటే ఆ పిల్ల ఎవరికి చెప్పాలి? అవ్వకు చెబితే అర్థం కాదు. అమ్మకు చెబితే అమ్మకు అక్కడ నిద్ర పట్టదు. సారుకు చెబితే సారు ఫోను తీసేయమంటారు. అందుకని ఎవరికీ చెప్పదు. తిట్ల భయంకన్నా ఫోను పోతుందన్న భయం పెద్దదై చాలామంది నోరు మూసుకుంటున్నారు. పైగా ఫోను తీసేసినంత మాత్రాన గ్రూపు ఆగదు, ఆమె లేకుండానే ఆమె మీద రాతలు సాగుతాయి. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో చదివే పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి ఫోను తెరిస్తే నెలల రాతలు ఒక్కసారిగా మీద పడతాయి.

రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఫోన్లన్నీ ఒకచోట పెట్టాలన్న నియమం మంచిదే. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు నేనూ అదే చెబుతాను. అది పెద్దలు కూడా పాటించే ఇంటి పద్ధతిగా ఉండాలి. బాధ చెప్పుకున్న పిల్లకు శిక్షగా రాకూడదు. తెర చదువులోకి వచ్చేసిన కాలం ఇది. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వమే ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. చేతికి ఇచ్చాక దాంతో ఎదుటి మనిషిని ఎలా చూడాలో నేర్పే బాధ్యత కూడా బడికి వస్తుంది.

ధైర్యం చేసి బడిలో చెప్పిన పిల్లలకు ఏమైందో కూడా రాస్తాను. ఒకచోట ప్రార్థన సమయంలో మైకు పట్టుకుని "కొందరు ఆడపిల్లలు ఫొటోలు పెట్టుకుంటారు, తర్వాత ఏడుస్తారు" అన్నారు. పేరు చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. ఇంకోచోట ఇద్దరినీ ఆఫీసు గదిలో ఎదురెదురుగా నిలబెట్టి, "ఇకనుంచి అన్నాచెల్లెళ్ళలా ఉండండి" అని చేతులు కలిపించి పంపారు. ఆ రాత్రి నుంచి గ్రూపులో ఆమెకు "చెల్లెమ్మ" అనే కొత్త పేరు పడింది. మరోచోట అలాంటి పేజీ నడిపిన పదో తరగతి అబ్బాయికి పబ్లిక్ పరీక్షల ముందు టీసీ చేతిలో పెట్టారు. బడి వరకు సమస్య తీరింది. ఆ అబ్బాయి పేజీ మాత్రం ఆగలేదు, ఇప్పుడు దానికి పగ కూడా తోడైంది. ఈ మూడు చోట్లా పెద్దలు చెడ్డవాళ్ళు కారు. ఏం చేయాలో ముందుగా ఆలోచించి పెట్టుకోలేదు, అంతే. ఆ పూటకు తోచింది చేశారు.

అందుకే నేను అన్నిటికన్నా ముందు అడిగేది ఇది. ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయురాలిని, ఒక ఉపాధ్యాయుడిని ఇందుకోసం నియమించి వాళ్ళ పేర్లు పిల్లలకు చెప్పండి. ఫిర్యాదుల పెట్టె చాలా బడుల్లో ఉంది. దాని తాళం చివరిసారి ఎప్పుడు తీశారో ఎవరికీ గుర్తుండదు. పిల్లలు పెట్టెకు చెప్పరు, మనిషికి చెబుతారు. లెక్కల మాస్టారైనా, పీఈటీ అయినా, పిల్లలకు ఎవరి దగ్గర చనువుందో మీకు తెలుసు, వాళ్ళనే పెట్టండి. వారంలో రెండు పీరియడ్లు ఆ పని కోసం వదిలిపెట్టండి. ఒక పిల్ల వచ్చి చెప్పినప్పుడు ఆ ఉపాధ్యాయురాలి నోట మొదట రావలసిన మాటలు కొన్ని ఉన్నాయి. చెప్పి మంచి పని చేశావు. నీ ఫోను తీసుకోను. నీ పేరు ప్రార్థనలో రాదు. ఇవాళే పని మొదలుపెడతాను. "అసలు ఆ ఫొటో నువ్వెందుకు పెట్టావు" అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరూ అడగకూడదు. సీబీఎస్‌ఈ 2015లోనే తన పరిధిలోని బడుల్లో వేధింపుల నివారణ కమిటీలు వేయాలని చెప్పింది. మన జిల్లాలో ఎక్కువ బడులు రాష్ట్ర బోర్డువి. అయినంత మాత్రాన ఇద్దరు ఉపాధ్యాయుల పేర్లు ప్రకటించడానికి అడ్డేముంది?

తర్వాతిది సాక్ష్యం. భయంలో పిల్లలు అన్నీ చెరిపేస్తారు, పెద్దవాళ్ళు కూడా "ముందు డిలీట్ చెయ్" అంటారు. చెరపకముందు స్క్రీన్‌షాట్లు తీసి, తేదీ, సమయం, ఖాతా పేరు, లింకు రాసిపెట్టాలి. అయితే పిల్లల నగ్న చిత్రాల విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. కృత్రిమ మేధతో ముఖం అతికించి తయారుచేసినవీ అందులోకే వస్తాయి. అలాంటివి ఉపాధ్యాయులు ఒకరికొకరు, "ఎంత ఘోరమో చూడండి" అని అయినా సరే, పంపుకోకూడదు. పిల్లల అశ్లీల చిత్రాలను పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. అది చూసినప్పుడు కాపీలు తీయకుండా, ఆ ఫోనును ఉన్నదున్నట్టు ఉంచి పోలీసులకు చెప్పాలి.

చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టానికి వదిలిన విషయం కాదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలపాలి, తెలపకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. బడి పరువు పేరుతో, అమ్మాయి పెళ్ళి పేరుతో, ఇరుపక్షాల పెద్దలను పిలిచి ఆఫీసు గదిలో సర్దుబాటు చేసే అధికారం ఏ హెడ్మాస్టరుకూ లేదు. ముక్కూముఖం తెలియని పెద్దవాడెవరో ఫొటోతో బెదిరించి డబ్బో ఇంకో ఫొటోనో అడుగుతున్నప్పుడు ఆలస్యం ఇంకా ప్రమాదం. పిల్లల సహాయవాణి 1098, సైబర్ నేరాల సహాయవాణి 1930, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. ఈ మూడు నంబర్లు ప్రతి తరగతి గది గోడ మీద ఉండాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లల చిత్రాలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. నగ్న చిత్రాల మీద, మార్ఫింగ్ చిత్రాల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని 2021 నాటి ఐటీ నియమాలు కంపెనీలకు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కోసం 2023లో మొదలైన టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది. చిత్రం ఫోను దాటి ఎక్కడికీ వెళ్ళదు, దానినుంచి తయారైన అంకెల ముద్ర ఒక్కటే వెళుతుంది. ఆ సేవలో చేరిన వేదికలు ఆ ముద్రతో సరిపోయే చిత్రాలను వెతికి తొలగిస్తాయి. మీరు నియమించే ఆ ఇద్దరికి ఇవన్నీ చేతికి వచ్చి ఉండాలి. ఏడుస్తున్న పిల్ల ఎదురుగా కూర్చున్నాక వెతుక్కునే సమయం ఉండదు.

స్టిక్కర్‌కు, పేరు పెట్టి వెక్కిరించడానికి పోలీసు స్టేషన్ అక్కరలేదు. అవి పూర్తిగా మీ పని. చేసినవాడు కూడా మీ బడి పిల్లవాడే అని నేను మరిచిపోలేదు. అలాంటివాళ్ళలో కొందరు అంతకుముందు ఏడాది ఇంకొకరి చేతిలో ఏడ్చినవాళ్ళే, వాళ్ళ కథా నేను విన్నాను. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ విషయంలో 2015 నాటి బాల న్యాయ చట్టం ఉంది. అతి తీవ్రమైన నేరమైతేనో, పెద్దవాళ్ళతో కలిసి చేసినదైతేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ పెట్టకూడదని దాని కింద వచ్చిన 2016 నమూనా నియమాలు చెబుతాయి. కాబట్టి "జైలుకు పోతావు" అని బెదిరించడం వల్ల పని జరగదు. స్పెయిన్‌లో అల్మెంద్రలేహో అనే పట్టణంలో 2023లో కొందరు అబ్బాయిలు తోటి విద్యార్థినుల ముఖాలతో కృత్రిమ మేధ సాయంతో నగ్న చిత్రాలు తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పంచారు. మరుసటి ఏడాది అక్కడి బాలల న్యాయస్థానం 15 మంది మైనర్లను ఏడాది పాటు పర్యవేక్షణలో ఉంచి, స్త్రీపురుష సమానత్వం మీద, సాంకేతికతను బాధ్యతగా వాడటం మీద పాఠాలు వినాలని ఆదేశించింది. అంత పెద్ద తప్పుకే న్యాయస్థానం పిల్లలను మళ్ళీ పాఠం ముందు కూర్చోబెట్టిందంటే, స్టిక్కర్ చేసినవాడికి టీసీ ఇచ్చి చేతులు దులుపుకోవడం ఎంత సులువైన దారో ఆలోచించండి. వాడిని విడిగా పిలవండి. ఏం చేశాడో వాడి నోటితోనే చెప్పించండి. ఎక్కడెక్కడికి పంపాడో అక్కడినుంచి వాడే తీయించాలి, తొలగించమని వాడే అడగాలి. వారం తర్వాత ఆగిందా లేదా అని ఇద్దరినీ వేర్వేరుగా మళ్ళీ అడగండి. ఈ రెండో విడత అడగడం ఎక్కడా జరగడం లేదు. అసలు పని అంతా దానిలోనే ఉంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది చేసిన ఒక్కడు కాదు, చూసిన మిగతావాళ్ళు. మంచి పిల్లలు, శ్రద్ధగా చదివే పిల్లలు, ఆ అమ్మాయి పక్క బెంచీలో కూర్చునే పిల్లలు. ఎందుకు ఊరుకున్నారని అడిగితే "నేనేమైనా అంటే తర్వాత నా స్టిక్కర్ చేస్తారు మేడం" అన్నారు. అది నిజమే. ఆ భయం పోగొట్టే శక్తి పిల్లలకు లేదు, మీకు ఉంది. ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన కివా అనే కార్యక్రమం 2009 నుంచి ఆ దేశమంతటా బడుల్లోకి వెళ్ళింది. దాని దృష్టి ప్రధానంగా చూసేవాళ్ళ మీదే. బాధపడుతున్న పిల్లకు అండగా నిలవమని తరగతిలో మాట చెల్లే ఇద్దరు ముగ్గురు పిల్లలను ఉపాధ్యాయులు విడిగా పిలిచి అడుగుతారు. దీనికి ఫిన్లాండ్ డబ్బు అవసరం లేదు. మన తరగతుల్లోనూ మాట చెల్లే పిల్లలు ఎవరో క్లాస్ టీచరుకు తెలుసు. ఒకరు ఆ స్టిక్కర్‌కు నవ్వకుండా "ఆపండి" అని రాస్తే మరో ఇద్దరు రాస్తారు. రాయలేనివాళ్ళు కనీసం ముందుకు పంపకుండా ఉండవచ్చు, మర్నాడు ఆ అమ్మాయి పక్కన కూర్చుని భోజనం చేయవచ్చు. ఈ చిన్న పనులను పేరుపేరునా పిల్లలకు నేర్పాలి. మంచిగా ఉండండి అన్న ఉపన్యాసంతో అవి రావు.

సిలబస్ మధ్య సమయమెక్కడిది అంటారు. ప్రభుత్వ బడుల్లో శనివారం బ్యాగు లేని రోజు ఉంది. ఆ రోజు ఒక పీరియడ్ చాలు. ఒక నిజమైన గ్రూపు సంభాషణను పేర్లు మార్చి బోర్డు మీద రాసి, ఏ మాట దగ్గర ఆగి ఉండాల్సిందో పిల్లలనే చెప్పమనండి. వాళ్ళు మనకన్నా స్పష్టంగా చెబుతారు, నేను చేసి చూశాను. ప్రైవేటు బడుల్లో పదో తరగతికి రాత్రి దాకా స్టడీ అవర్స్ పెట్టగలిగినవారు నెలకు ఒక గంట దీనికి ఇవ్వలేరా? బడి పేరు చెడిపోతుందని భయపడే కరస్పాండెంట్లకు ఒకటే చెబుతాను. మా బడిలో ఇలా జరిగితే ఇదిగో ఇలా చూసుకుంటాం అని ధైర్యంగా చెప్పే బడినే తల్లిదండ్రులు నమ్ముతారు. ఇలాంటివి మా బడిలో జరగవు అని చెప్పే బడుల్లోనే జరుగుతున్నాయని వాళ్ళకు ఇప్పటికే తెలుసు.

2025 జులై 10న మన పక్కనే, శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువులో ముఖ్యమంత్రి వచ్చి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో కూర్చున్నారు. అలాంటి సమావేశాలు ఇకముందూ ఉంటాయి. ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీలు ఉన్నాయి. చట్టం ప్రకారం వాటిలో కనీసం నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులే. ప్రైవేటు బడులకు ఆ కమిటీ తప్పనిసరి కాదు కాబట్టి అక్కడ కరస్పాండెంట్లే చొరవ చూపాలి. వచ్చే సమావేశంలో మార్కుల కన్నా ముందు ఈ విషయం మాట్లాడండి. బెంగళూరులో ఉన్న తల్లిదండ్రులు రాలేకపోతే అవ్వాతాతలకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి, లేదా ఆ తల్లిదండ్రులకే ఫోను చేయండి.

నా విన్నపాలు చివరికి కొన్నే. తరగతి గ్రూపుల్లో జాబితాలు, ఫొటోలు ఈ వారమే ఆపండి. ఇద్దరు ఉపాధ్యాయుల పేర్లు నోటీసు బోర్డు మీద రాయండి. దసరా సెలవులకైనా, సంక్రాంతి సెలవులకైనా పిల్లలు ఇంటికి వెళ్ళేముందు ఆ పేర్లు వాళ్ళకు తెలిసి ఉండాలి, ఎందుకంటే సెలవుల్లోనే ఫోను ఎక్కువసేపు చేతిలో ఉంటుంది. ఆ పేర్లు నాకు తెలిస్తే నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను చెబుతాను. మొదటిసారి మీతో మాట్లాడటానికి తోడు కావాలన్న పిల్లకు తోడుగా నేను వస్తాను.

ఇట్లు,
మీ బడుల పిల్లలకు సాయంత్రాలు పాఠం చెప్పే ఒక ఉపాధ్యాయురాలు
అనంతపురం